ఆంగ్లికన్ ఆరాధనలో గ్రంథ పఠనం, కీర్తన

సంగారెడ్డి, ఇస్నాపూర్, పటాన్‌చెరు, రామచంద్రాపురం ప్రాంతాలలో నివసించే ముస్లింలకు క్రైస్తవులు పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన దూరపు జాతి కాదు. ఒకే కర్మాగారంలో ఒకే షిఫ్టులో పనిచేసేవారు, ఒకే వీధిలో కాపురముండేవారు. వారి ఇళ్లలో పెళ్లి అయితే మనల్ని పిలుస్తారు. మరణం సంభవిస్తే పిలవకపోయినా వెళతాము. ఆ సందర్భాలలో చర్చిలోగాని, సమాధి వద్దగాని ఒకరు గ్రంథం చదవడం, పాస్టరుగారు మరో పుస్తకం చూసి ప్రార్థన చెప్పడం, అందరూ కలిసి పాట పాడడం చూస్తాము. ఈ మూడూ మన చెవికి ఒకే తీరుగా వినిపిస్తాయి. “వారి బైబిలు చదువుకుంటున్నారు” అని సరిపెట్టుకుంటాము. నిజానికి ఆ మూడింటి పుట్టుక వేరు, స్థాయి వేరు. ఏది వారు దైవవాణి అని నమ్మేది, ఏది చర్చి కూర్చినది, ఏది ఒక కవి రాసినది అన్న సంగతి తెలియకుండా వారి విశ్వాసాన్ని గురించి మనం చేసే వ్యాఖ్య సరైనది కాజాలదు. ఈ తేడాను విశదపరచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎవరి ఆరాధన?

క్రైస్తవులందరి ఆరాధన ఒకే రీతిగా ఉండదు. రోమన్ కాథలిక్కులు, బాప్టిస్టులు, పెంతెకొస్తు సంఘాలవారు, ఎవరి పద్ధతి వారిదే. మనం ఇక్కడ చెప్పుకునేది ఆంగ్లికన్ సంప్రదాయం. 16వ శతాబ్దంలో రోము నుండి విడిపోయిన ఇంగ్లండు చర్చి ఏర్పరచుకున్న ఆరాధన క్రమం ఇది.

నిజాం రాజ్యంలో ఈ ఆరాధన మొదట ఇంగ్లీషు సైనికుల కోసం ఇంగ్లీషులోనే జరిగింది. సికింద్రాబాదులోని సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. తెలుగువారి మధ్య ఆంగ్లికన్ల పని 1841లో మచిలీపట్నంలో ప్రారంభమైంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి. యస్. అజరయ్య దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

మెదక్, సంగారెడ్డి ప్రాంతాలకు వచ్చిన మిషనరీలు మాత్రం ఆంగ్లికన్లు కారు, వెస్లియన్ మెథడిస్టులు. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో కట్టిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. అయితే మెథడిజానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ (1703-1791) చనిపోయే వరకు ఇంగ్లండు చర్చి పాదరిగానే ఉన్నాడు. అందుచేత ఈ రెండు శాఖలకూ ఇల్లు ఒక్కటే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకు ముందే ఏకమై ఉన్న ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అనగా సి.ఎస్.ఐ., ఏర్పరచుకున్నారు. నేడు ఇది ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో సభ్య సంఘం. సంగారెడ్డి ప్రాంతపు సి.ఎస్.ఐ. సంఘాలు మెదక్ డయాసిస్ కిందికి వస్తాయి. కనుక మన పొరుగున ఉన్న ఈ చర్చిలలో రెండు వారసత్వాలు కలిసి ఉన్నాయి. పంచాంగం ప్రకారం గ్రంథ పఠనం, బిషప్పుల పరిపాలన ఆంగ్లికన్ల నుండి వచ్చినవి. పాట మీద అంతటి మమకారం మెథడిస్టుల నుండి వచ్చినది.

“కీర్తన” అన్న మాట

విషయంలోకి పోయే ముందు ఒక మాటను విడదీసి చూడాలి. తెలుగు క్రైస్తవులు “కీర్తన” అన్న పదాన్ని రెండింటికి వాడుతారు. బైబిలు పాత నిబంధనలో 150 అధ్యాయాలు గల ఒక భాగానికి కీర్తనల గ్రంథమని పేరు. దావూద్ (అలైహిస్సలాం) పేరుతో ప్రసిద్ధమైనది అదే. అది వారి దృష్టిలో దైవగ్రంథంలో భాగం. ఇక చర్చిలో పాడే పాటల పుస్తకం పేరు “ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు.” ఇందులోనివి గత రెండు శతాబ్దాలలో మనుషులు రాసిన పాటలు, ఇంగ్లీషు పాటల తెలుగు అనువాదాలు. పాస్టరుగారు “ఇరవై మూడవ కీర్తన” అన్నప్పుడు ఏ పుస్తకం తెరవాలో సంఘస్థులకు సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. బయటివారికి తెలియదు.

ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేరువేరు పేర్లున్నాయి. ఉర్దూలో కూడా ఈ చిక్కు లేదు. ఉర్దూ బైబిలులో దావూద్ (అ) కీర్తనల గ్రంథానికి “జబూర్” అనే పేరు, చర్చి పాటకు “గీత్” అనే పేరు. ఉర్దూ కొత్త నిబంధనను మీర్జా ఫిత్రత్ సహాయంతో తయారుచేసిన హెన్రీ మార్టిన్ (1781-1812) ఆంగ్లికన్ పాదరి. అరబీ, ఫార్సీ పదజాలం అలవాటైన భాషలో “జబూర్” అన్న మాట సహజంగా ఒదిగింది. తెలుగు అనువాదకుల ముందు ఉన్నది అన్నమయ్య, త్యాగయ్యల సంకీర్తన సంప్రదాయం. వారు ఆ మాటనే తీసుకున్నారు. కనుక తెలుగులో చదివే ముస్లింలు “కీర్తన” అన్న మాట వినగానే, ఇది దావూద్ (అ) పేరున ఉన్నదా, లేక పాటల పుస్తకంలోనిదా అని అడిగి తెలుసుకోవాలి. చర్చి ఆరాధనను అర్థం చేసుకోవడానికి ఇదే మొదటి మెట్టు.

గ్రంథ పఠనం

ఇంగ్లండు చర్చి సంస్కరణలో ముఖ్యుడు థామస్ క్రాన్మర్. 1549లో ఆయన నాయకత్వంలో మొదటి సామాన్య ప్రార్థన గ్రంథం వెలువడింది. అంతవరకు ఆరాధన లాటిన్‌లో జరిగేది. గ్రంథ పఠనం ముక్కలు ముక్కలుగా, అనేక పండుగల మధ్య చెదిరిపోయి ఉండేది. క్రాన్మర్ ఒక పంచాంగం ఏర్పరచినాడు. రోజూ ఉదయ ప్రార్థనలో రెండు పాఠాలు, సాయంకాల ప్రార్థనలో రెండు పాఠాలు. ఆ క్రమం తప్పకుండా పాటిస్తే ఏడాదిలో పాత నిబంధనలో అధికభాగం ఒకసారి, ప్రకటన గ్రంథం తప్ప కొత్త నిబంధన మూడుసార్లు పూర్తవుతుంది. 1662లో స్థిరపడిన ప్రార్థన గ్రంథం కూడా ఈ పునాది మీదనే నిలిచింది.

దీనిలో గమనించవలసిన విషయం ఒకటున్నది. ఏ ఆదివారం ఏ భాగం చదవాలన్నది పాస్టరుగారి ఇష్టానికి వదలలేదు. తనకు నచ్చిన భాగాన్నే మాటిమాటికీ చదివి, కఠినమైన భాగాన్ని దాటవేయడానికి వీలు లేకుండా పంచాంగం ఆయనను కట్టివేస్తుంది. సి.ఎస్.ఐ. కూడా ఏటా ఇటువంటి పంచాంగాన్ని ప్రకటిస్తుంది. ఒక ఆదివారం మెదక్‌లోనూ, మదురైలోనూ, తిరువనంతపురంలోనూ సి.ఎస్.ఐ. చర్చిలలో చదవవలసిన భాగాలు అవే. మన నమాజులో ఇమాం తనకు కంఠస్థమైన దానిలో ఏ సూరానైనా చదవవచ్చు. ఖుర్‌ఆన్ ఆద్యంతం క్రమంగా వినిపించేది రమజాను తరావీహ్‌లో. ఆంగ్లికన్లలో ఆ క్రమం ఏడాది పొడవునా విస్తరించి ఉంటుంది.

1950లో సి.ఎస్.ఐ. తన పరిశుద్ధ సంస్కార ఆరాధన క్రమాన్ని తయారుచేసుకుంది. అందులో ఆరంభంలోనే బైబిలును మోసుకొని వచ్చి బల్ల వద్ద ఉంచుతారు. తరువాత మూడు పాఠాలుంటాయి. ఒకటి పాత నిబంధన నుండి, రెండవది అపొస్తలుల పత్రికల నుండి, మూడవది సువార్త నుండి. సువార్త చదివేటప్పుడు అందరూ లేచి నిలబడతారు. గ్రంథమంతా దైవవాక్యమే అని చెప్పుకున్నప్పటికీ, ఈసా (అలైహిస్సలాం) మాటలు, చర్యలు ఉన్న భాగానికి వారు ఇచ్చే ప్రత్యేక గౌరవం అందులో కనిపిస్తుంది. పాఠాలు చదివేది పాస్టరుగారే కానక్కరలేదు. సంఘంలోని ఒక ఉపాధ్యాయుడో, ఒక గృహిణియో వచ్చి చదువుతారు. పఠనం తరువాత వచ్చే ప్రసంగం ఆ పాఠాల మీద ఆధారపడి ఉంటుంది.

గ్రంథానికి ఇంతటి స్థానం ఎందుకన్నది వారి 39 మత నిబంధనలలో (1571) ఆరవది చెబుతుంది. ముక్తికి అవసరమైనదంతా గ్రంథంలో ఉన్నదని, గ్రంథం నుండి నిరూపించలేని దానిని విశ్వసించమని ఎవరినీ బలవంతపెట్టరాదని దాని సారాంశం. అపోక్రిఫా అనబడే కొన్ని గ్రంథాలను నీతి కోసం చదవవచ్చును గాని, వాటి ఆధారంగా సిద్ధాంతం స్థాపించరాదని కూడా అదే నిబంధన చెబుతుంది. ఏ మాటకు ఎంత ప్రమాణం అన్న విచారణ మన ఉలమాకు కొత్తది కాదు. ఆ విచారణ వారిలోనూ ఉన్నదని గుర్తించాలి. ఇక నేటి తౌరాత్, జబూర్, ఇంజీల్ ప్రతులు మూలరూపంలో భద్రంగా ఉన్నాయా అన్న విషయంలో ముస్లిం విద్వాంసుల అభిప్రాయం సుపరిచితమే. ఆ చర్చ వేరు. వారు తమ గ్రంథాన్ని ఆరాధనలో ఎలా వినియోగించుకుంటారన్నదే ఇక్కడ ప్రస్తుతం.

ముప్పై రోజుల జబూర్

దావూద్ (అ)కు జబూర్ ప్రసాదించినట్లు ఖుర్‌ఆన్ అన్నిసా (163), బనీ ఇస్రాయీల్ (55) సూరాలలో చెబుతుంది. భూమికి వారసులయ్యేది సజ్జనులేనని జబూర్‌లో రాసినట్లు అల్‌అంబియా సూరా (105) తెలుపుతుంది. ఈ భావం బైబిలులోని 37వ కీర్తనలో కనబడుతుంది. అయితే బైబిలు కీర్తనల గ్రంథం మొత్తానికి దావూద్ (అ) కర్త అని క్రైస్తవ విద్వాంసులు కూడా అనరు. 150లో 73 కీర్తనల శీర్షికలలో ఆయన పేరున్నది. 12 ఆసాపు పేరున, ఒకటి మూసా (అ) పేరున ఉన్నాయి. కొన్నింటికి ఏ పేరూ లేదు.

ప్రార్థన గ్రంథం ఈ 150 కీర్తనలను నెలకు సరిపడేటట్లు 60 భాగాలుగా విభజించింది. ముప్పై రోజులు, రోజుకు ఉదయం ఒక భాగం, సాయంకాలం ఒక భాగం. నెలకు 31 రోజులుంటే చివరి రోజున 30వ నాటి భాగాన్నే తిరిగి చదువుతారు. ఖుర్‌ఆన్‌ను ముప్పై పారాలుగా విభజించుకొని నెలకొక ఖతం చేసే అలవాటున్న మన పాఠకులకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఈ క్రమాన్ని పాటించే పాదరి ఏడాదికి 12 సార్లు కీర్తనల గ్రంథాన్ని పూర్తిచేస్తాడు. ఇంగ్లండులోని పెద్ద చర్చిలలో గాయక బృందాలు వీటిని ఒక ప్రత్యేకమైన శ్రుతిలో గానం చేస్తాయి. మన ప్రాంతంలో పాస్టరుగారు ఒక వచనం, సంఘం ఒక వచనం మార్చిమార్చి చదవడం వాడుక.

కీర్తనలలో స్తుతి ఒక్కటే ఉంటుందని అనుకోరాదు. పశ్చాత్తాపం, భయం, శత్రువుల మీద ఆక్రోశం, రోగి మూలుగు, రాజు కోసం ప్రార్థన, అన్నీ ఉన్నాయి. పండుగనాడు ఆదివారం వరుసలో విలాపం రావచ్చు, దుఃఖంలో ఉన్నవాడికి స్తోత్రం రావచ్చు. తన మనసుకు తగిన మాటను తాను వెదుక్కోకుండా, వచ్చిన మాటకు తన మనసును అప్పగించడం ఇందులోని శిక్షణ. సమాధి వద్ద తరచుగా చదివే 23వ కీర్తనలో దేవుడు కాపరి అన్న విశ్వాసం, మరణపు నీడలో ఆయన తోడు ఉంటాడన్న ధైర్యం ఉన్నాయి. ఇందులో ముస్లిం శ్రోతకు పరాయిగా తోచేది ఏమీ లేదు.

ఉదయం జకరియా, సాయంకాలం మర్యమ్

మన పాఠకులలో చాలామందికి తెలియని విషయం ఇది. ఆంగ్లికన్ ఉదయ ప్రార్థనలో పాత నిబంధన పాఠం, కొత్త నిబంధన పాఠం అయిన తరువాత పాడే గీతాలలో ఒకటి జకరియా (అ) చేసిన స్తుతి. సాయంకాల ప్రార్థనలో పాడేది మర్యమ్ (అలైహస్సలాం) చేసిన స్తుతి. దాని వెనుక, శిశువైన ఈసా (అ)ను జెరూసలేం ఆలయంలో చేతులలోకి తీసుకున్న సుమెయోను అనే వృద్ధుని మాటలు వస్తాయి. ఈ మూడూ లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాలలోనివి. అంటే ఇవి కవులు రాసిన పాటలు కావు, గ్రంథ భాగాలే. గానం చేస్తారు గనుక పాటలవలె వినిపిస్తాయి.

సువార్త కథనం ప్రకారం జకరియా (అ) కుమారుడు పుట్టేవరకు మాట పడిపోయి ఉన్నాడు. పేరు పెట్టే దినాన పలక మీద “యోహాను” అని రాయగానే నోరు తెరుచుకొని దైవస్తుతి చేసినాడు. ఆ స్తుతే ఉదయగీతం. ఖుర్‌ఆన్‌లో ఈ మౌనం మూడు దినాల సూచనగా వచ్చింది. ఆ మౌనంలో సైగలతో తన జనానికి ఉదయం, సాయంకాలం దైవాన్ని స్తుతించమని ఆయన తెలిపినట్లు మర్యమ్ సూరా (11) చెబుతుంది. రెండు కథనాలలో తేడాలున్నాయి. అయినా ఉదయ సాయంకాలాల స్తుతి అనే విషయం దగ్గర అవి ఒకదానికొకటి చేరువగా వస్తాయి.

మర్యమ్ (అ) గీతంలో బలవంతులు సింహాసనాల నుండి పడద్రోయబడడం, దీనులు పైకెత్తబడడం, ఆకలిగొన్నవారు తృప్తి పొందడం అనే భావాలున్నాయి. దోర్నకల్, మెదక్ ప్రాంతాలలో ఈ మతాన్ని స్వీకరించినవారిలో అధికులు మాల, మాదిగ కులాలకు చెందిన నిరుపేదలు. దొర గడీ ముందు తలవంచి నడిచిన కుటుంబాల నోట ప్రతి సాయంకాలం ఈ మాటలు పలికించడంలో ఎంత శక్తి ఉన్నదో పాఠకులు ఊహించగలరు.

హబషాకు హిజ్రత్ చేసిన ముస్లింలు నజాషీ దర్బారులో నిలబడినప్పుడు జాఫర్ (రజి) చదివినది మర్యమ్ సూరాయే. విని ఆ క్రైస్తవ రాజు కన్నీరు పెట్టుకున్నట్లు సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. జకరియా, యహ్యా, మర్యమ్, ఈసా (అలైహిముస్సలాం) వృత్తాంతం రెండు సమాజాలూ కూర్చుని వినగలిగిన విషయమని ఆనాడే తేలింది.

పాటకు దొరికిన స్థానం

ఇప్పుడు మనుషులు రాసిన పాటల సంగతి. చర్చి అంటేనే పాట అని మనం అనుకుంటాము. కాని ఇంగ్లండు చర్చిలో పాట చాలా ఆలస్యంగా లోపలికి వచ్చింది. 1662 ప్రార్థన గ్రంథంలో సంఘమంతా పాడే పాటలకు స్థానమే ఏర్పరచలేదు. పాదరుల అభిషేక క్రమంలో పరిశుద్ధాత్మను ఉద్దేశించిన ఒక పాత లాటిన్ గీతం అనువాదం ఉన్నది, అంతే. సామాన్య జనం పాడుకున్నది ఛందస్సులో పెట్టిన దావీదు కీర్తనలనే. దైవగ్రంథంలోని మాటలుండగా మనిషి మాటలతో దేవుణ్ణి స్తుతించడం తగునా అన్న సంకోచం చాలా కాలం ఉండింది.

ఆ సంకోచాన్ని తొలగించినవారిలో చార్లెస్ వెస్లీ (1707-1788) ప్రముఖుడు. జాన్ వెస్లీకి తమ్ముడు, ఆయన కూడా ఆంగ్లికన్ పాదరి. ఆయన రాసిన పాటలు ఆరు వేలకు పైబడి ఉంటాయి. 1780లో జాన్ వెస్లీ ప్రకటించిన పాటల సంపుటం పశ్చాత్తాపం, విశ్వాసం, పరిశుద్ధత అంటూ విశ్వాసి జీవన దశల వరుసలో అమర్చినది. బొగ్గు గనుల కార్మికులకు, నేతగాళ్లకు మతసిద్ధాంతం చేరింది ఆ పాటల ద్వారానే.

అయినా ఆంగ్లికన్ చర్చిలలో వివాదం ఆగలేదు. 1820లో షెఫీల్డు నగరంలో థామస్ కాటరిల్ అనే పాదరి తన చర్చిలో పాటల పుస్తకం ప్రవేశపెట్టగా, సంఘస్థులు కొందరు యార్క్ చర్చి న్యాయస్థానంలో ఫిర్యాదు చేసినారు. చివరకు ఆర్చిబిషప్ మధ్యవర్తిత్వం వహించి, ఆ పుస్తకం తీసివేయించి, తాను ఆమోదించిన మరో సంపుటాన్ని వాడుకోనిచ్చినాడు. 1861లో వెలువడిన ఒక పాటల సంపుటం ఇంగ్లండు అంతటా వ్యాపించిన తరువాతనే పాట ఆరాధనలో విడదీయరాని భాగమైంది. ఏది గ్రంథం, ఏది మనిషి మాట అన్న స్పృహ వారిలో ఎంత పదునుగా ఉండేదో ఈ చరిత్ర తెలుపుతుంది.

తెలుగు కీర్తన

తెలుగుదేశంలో పాట చేసిన పని మరింత పెద్దది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌధరి (1803-1890) వందకు పైగా కీర్తనలు రాసినాడు. ఆయన ఆంగ్లికన్ కాడు, బాప్టిస్టు. కాని పాటకు శాఖాభేదాలు అడ్డు రాలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వారు అందరూ వాడుతున్నారు. పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలుంటాయి. అదే పుస్తకంలో ఇంగ్లీషు పాటల అనువాదాలు ఇంగ్లీషు బాణీలతోనే ఉన్నాయి.

చదువురాని కూలి మనిషికి బైబిలు చేతికిచ్చి ప్రయోజనం లేదు. పల్లవి మాత్రం రెండు రాత్రులలో నోటికి వస్తుంది. అజరయ్య బిషప్ తమిళ ప్రాంతం నుండి వచ్చినవాడైనా, తెలుగు పల్లెల్లో తెలుగు బాణీలకే ప్రోత్సాహమిచ్చినాడు. 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకల్ చర్చి కట్టడంలో కూడా గోపురాలు, మినార్లు, హిందూ ఆలయాల రీతి స్తంభాలు కలిపి కట్టించినాడు. ఊరి గుడిసె చర్చిలో కూలి పని ముగిసిన తరువాత దీపం పెట్టుకొని పాడిన కీర్తనలే ఆ తరానికి మతవిద్య.

మన దక్కను చరిత్రలో దీనికి సమీపమైనది ఉన్నది. బీజాపూరు సూఫీల పరంపరలో పుట్టిన చక్కీనామాలు దక్కనీ భాషలో తిరుగలి విసురుతూ స్త్రీలు పాడుకున్న పాటలు. అల్లాహ్ నామస్మరణ, ప్రవక్త (స) ప్రేమ చదువురాని ఇళ్లకు వాటి ద్వారానే చేరినవి. హమ్ద్, నాత్ నేటికీ మన సభలలో వినిపిస్తూనే ఉన్నాయి. కాని ఒక ముఖ్యమైన తేడా గుర్తుంచుకోవాలి. నాత్ ఎంత గొప్పదైనా నమాజులో అడుగుపెట్టదు. నమాజులో ఖిరాఅత్ ఖుర్‌ఆన్‌దే. ఆంగ్లికన్ ఆరాధనలో కవి రాసిన పాట, గ్రంథ పాఠం ఒకే ఆరాధనలో పక్కపక్కన నిలుస్తాయి. క్రైస్తవులు ఈసా (అ)ను ప్రభువుగా, రక్షకుడుగా సంబోధించి వేడుకోవడం అత్యంత స్పష్టంగా వినిపించేది ఈ పాటలలోనూ, సువార్త పఠనం దరిదాపుల్లో అందరూ నిలబడి చెప్పే విశ్వాస ప్రమాణంలోనూ. తౌహీద్ దృష్ట్యా మనకూ వారికీ దారులు వేరయ్యే స్థలం అక్కడ ఉన్నది. దావీదు కీర్తన విన్నప్పుడు కలిగే సామీప్య భావాన్ని పాటకు, పాట విన్నప్పుడు కలిగే భేద భావాన్ని కీర్తనకు అంటగట్టడం రెండూ పొరపాట్లే.

అనువాదమే ఆరాధన అయినప్పుడు

అరబీ, ఉర్దూల నుండి తెలుగులోకి తర్జుమా చేసే ఈ వ్యాసకర్తను ఎక్కువగా ఆలోచింపజేసిన అంశం మరొకటి ఉన్నది. 39 నిబంధనలలో 24వది, జనానికి అర్థం కాని భాషలో బహిరంగ ప్రార్థన చేయడం తగదని నిర్దేశిస్తుంది. దాని ఫలితంగా ఆంగ్లికన్ చర్చి ఎక్కడికి పోతే అక్కడి భాషలో ఆరాధన జరపవలసి వచ్చింది. సంఘం ముందు చదివేది అనువాదమే. మనకు ఖుర్‌ఆన్ తర్జుమా ఖుర్‌ఆన్ కాదు, దాని భావవివరణ మాత్రమే. నమాజు అరబీలోనే జరుగుతుంది. ఈ రెండు మార్గాలలో దేనికి చెల్లించవలసిన మూల్యం దానికున్నది.

వారి మూల్యం ఎటువంటిదో చూడండి. ప్రార్థన గ్రంథంలోని ఇంగ్లీషు కీర్తనలు మైల్స్ కవర్‌డేల్ అనువాదం. ఆయన హీబ్రూ మూలం నుండి కాక, జర్మన్, లాటిన్ అనువాదాల ఆధారంగా పనిచేసినాడు. 1611లో పండితులు మూలభాషల నుండి ప్రామాణికమైన బైబిలు అనువాదం తెచ్చినారు. 1662లో ప్రార్థన గ్రంథాన్ని సవరించినప్పుడు సువార్తలు, పత్రికలు కొత్త అనువాదానికి మారినవి. కీర్తనలు మాత్రం పాతవే మిగిలినవి. జనానికి, గాయకులకు ఆ లయ నోటికి పట్టింది. కచ్చితత్వం లయ ముందు ఓడిపోయింది.

తెలుగులోనూ ఇదే జరిగింది. విశాఖపట్నంలో ఆనందరాయరు సహాయంతో డెగ్రాంజ్ తయారుచేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయినవి. తరువాత అనేక సవరణలతో సంపూర్ణ బైబిలు వచ్చింది. నేడు వాడుక భాషలో కొత్త అనువాదాలు ఉన్నప్పటికీ, చర్చిలలో వినిపించేది ప్రధానంగా పాత అనువాదమే. దాని భాష గ్రాంథిక ఛాయలు గలది. పటాన్‌చెరు కర్మాగారంలో పనిచేసే యువకుడు ఇంటిలో, పనిలో మాట్లాడే తెలుగు అది కాదు. అర్థం కావాలని చేసిన అనువాదం వంద సంవత్సరాలలో తానే పవిత్రమై, మళ్లీ వివరణ కోరే స్థితికి చేరింది. “సెలా” అనే హీబ్రూ మాట కీర్తనలలో 71 చోట్ల వస్తుంది. దాని అర్థం నిశ్చయంగా తెలియదు గనుక తెలుగు బైబిలులో అలాగే ఉంచినారు. అలిఫ్ లామ్ మీమ్ వంటి అక్షరాలను మన అనువాదకులు కూడా అలాగే ఉంచుతారు కదా.

మన మూల్యం వేరు. మూలం భద్రంగా ఉన్నది, ఉచ్చారణ భద్రంగా ఉన్నది. కాని తాను రోజుకు ఐదు పూటలా పలికే ఫాతిహా అర్థాన్ని తెలుగులో చెప్పమంటే తడబడే పిల్లవాడు మన ఇళ్లలోనే ఉన్నాడు. చదువు తెలుగు మాధ్యమంలో సాగి, ఉర్దూ చదవలేని తరం పెరుగుతున్నది. గత శతాబ్దపు పూర్వార్ధంలో చిలుకూరి నారాయణరావు ఖుర్‌ఆన్‌ను తెలుగు చేసినది మొదలు, ముస్లిం పండితులు కూడా అనేకులు ఈ కృషి చేసినారు. పుస్తకం అల్మారాలో ఉంటే సరిపోదు. భాషను మార్చినవారికైనా, మార్చనివారికైనా, ప్రతి తరానికీ అర్థం తిరిగి నేర్పవలసిన బాధ్యత తప్పలేదు. ఆంగ్లికన్ల అనుభవం నుండి మనం గ్రహించవలసినది ఇది.

ముగింపు

పై విషయాలను ఆచరణలో సులభంగా గుర్తుంచుకోవచ్చు. పొరుగువారి చర్చిలోగాని, సమాధి వద్దగాని కూర్చున్నప్పుడు, అధ్యాయం, వచనం సంఖ్య చెప్పి చదివేది గ్రంథం. అందరూ కలిసి కంఠస్థంగా చెప్పేవి చాలావరకు ప్రార్థన క్రమంలోనివి. వాటిలో పరలోక ప్రార్థన వంటివి గ్రంథం నుండి వచ్చినవి, విశ్వాస ప్రమాణం వంటివి చర్చి కూర్చినవి. పాట సంఖ్య చెప్పి, పుస్తకం తెరిచి పాడేది కవి రాసిన కీర్తన. ఇటువంటి సందర్భాలలో ముస్లిం ఎంతవరకు పాల్గొనవచ్చునన్న ఫిఖ్హ్ సమస్యకు సమాధానం చెప్పవలసినవారు ముఫ్తీలు. మర్యాదగా కూర్చుని వినడానికి, విన్నది ఏమిటో తెలుసుకోవడానికి మాత్రం పై వివరాలు చాలు.

పని చేసేచోట మధ్యాహ్న భోజన సమయంలో మతం మాట వచ్చినప్పుడు, “మీ బైబిలులో ఇలా ఉన్నదట కదా” అని పాటలోని మాటను పట్టుకొని వాదించడం తరచుగా జరుగుతుంది. అది బైబిలులోనిది కాకపోతే ఎదుటివాడు నొచ్చుకుంటాడు, మన మాట తేలిపోతుంది. “ఇది దావీదు కీర్తనా, చౌధరిగారి కీర్తనా?” అని ముందు అడగండి. గ్రంథ ప్రజలతో ఉత్తమ రీతిలో సంభాషించమని ఖుర్‌ఆన్ ఇచ్చిన ఆదేశాన్ని పాటించడం ఆ ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు.